ఎవరేం తినరో తెలిసిన ఊరు

శనివారం నీసు ముట్టని మనిషిని వెంటబెట్టుకుని పెనాంగ్ వెళ్లొచ్చా అని మా చుట్టాల్లో కొందరు అడుగుతున్నారు. నిక్షేపంగా వెళ్లొచ్చు. మా అత్తయ్య వెళ్లొచ్చారు, ఉపవాసం ఉండలేదు, నియమం తప్పలేదు. పైగా మా ఆయనకంటే, నాకంటే ఆవిడే బాగా తిన్నారేమోనని నా అనుమానం.

పెనాంగ్ అంటే మలేషియా పశ్చిమ తీరాన ఉన్న ద్వీపం. దాని పట్టణం జార్జ్ టౌన్. 2008లో మెలకాతో కలిపి యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఇక్కడ చైనీయులు, మలయులు దాదాపు సరిసమానంగా ఉంటారు. మనవాళ్లు, అంటే ముఖ్యంగా తమిళులు, పదిమందిలో ఒకరు. వీళ్లు కాక పాత థాయ్, బర్మా వాళ్ల ఆనవాళ్లు, చైనా-మలయ్ కలయికలో పుట్టిన పెరనకన్ కుటుంబాలు. తిండికి ఆసియా అంతటా పేరున్న ఊరు. ఆ పేరు చూసే మా ఆయన టికెట్లు కొన్నారు. గుళ్లు కూడా ఉన్నాయని అత్తయ్యకి చెప్పారు.

గురువారం

విశాఖ నుంచి రాత్రి విమానం, తెల్లారేసరికి కౌలాలంపూర్. 2023 డిసెంబర్ నుంచి మనకి 30 రోజుల వరకు వీసా అక్కర్లేదు. బయల్దేరే ముందు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపుకుంటే చాలు. అక్కడి నుంచి పెనాంగ్‌కి గంటలో దింపేసే విమానాలున్నా మేం రైలెక్కాం. బటర్‌వర్త్ దాకా నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. రైలు శుభ్రంగా ఉంది, ఏసీ మాత్రం ఎముకలు కొరికేసింది. శాలువా తెచ్చుకోమని నేను చెబితే విన్నది అత్తయ్య ఒక్కరే.

కిటికీ లోంచి చూస్తే పామాయిల్ తోటలే తోటలు. రైలు పేరక్ రాష్ట్రం మీదుగా పోతుంది. బ్రిటిష్ వాళ్ల కాలంలో రబ్బరు, కొబ్బరి ఎస్టేట్లలో కూలికని మన తీరం నుంచి ఓడలెక్కినవాళ్లు చాలామంది దిగింది ఈ రాష్ట్రంలోనే. ఈ మాట ఇక్కడ ఎందుకు చెప్పానో శనివారం దగ్గర తెలుస్తుంది.

బటర్‌వర్త్ స్టేషన్ పక్కనే ఫెర్రీ. ద్వీపానికి వంతెనలు రెండున్నాయి, 1985లో ఒకటి, 2014లో రెండోది, 24 కిలోమీటర్లది. అయినా మొదటిసారి వెళ్లేవాళ్లు ఫెర్రీలోనే వెళ్లాలి. టికెట్ నామమాత్రం, దాటడానికి పావుగంట. ఎదురుగా కోమ్‌తార్ అనే పొడుగాటి గుండ్రటి బిల్డింగు, దాని కింద ఎర్ర పెంకుల కప్పులు, వెనకాల పచ్చటి కొండ. ఊరి నక్షా మొత్తం పడవ మీదే అర్థమైపోతుంది.

మా బస పాత ఊళ్లో, కింద దుకాణం, పైన ఇల్లుగా కట్టిన షాప్‌హౌస్‌లో. గది ఫొటోల్లో ఉన్న కిటికీ గదిలో లేదు. అడిగితే, "అది పక్క గదిది" అన్నారు నవ్వుతూ. ఈ షాప్‌హౌస్‌ల ముందు వరసగా ఐదడుగుల వెడల్పు వరండాలుంటాయి. ఎండకీ వానకీ జనం కప్పు కింద నడవాలని బ్రిటిష్ వాళ్ల కాలంలో పెట్టిన పద్ధతి. ఇప్పుడు వాటిల్లో బైకులు, పూలకుండీలు, అగరొత్తుల డబ్బాలు, ఎవరో ఒక తాతగారి పడక్కుర్చీ. నడిచేవాళ్లు రోడ్డు మీదే.

రాత్రికి ఓపిక లేక సందు చివర మమాక్ షాపులో రోటీ చనాయ్ తిని పడుకున్నాం. మమాక్ అంటే తమిళ ముస్లింల హోటల్. పిండిని గాల్లోకి విసిరి పల్చగా సాగదీసి, మడిచి కాల్చి, పప్పు కూరతో ఇస్తారు.

శుక్రవారం

పొద్దున్నే కార్న్‌వాలిస్ కోట. 1786లో ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ లైట్ దిగిన చోటు ఇదే. అప్పుడంతా అడవి. కూలీలు చెట్లు కొట్టడానికి బద్ధకిస్తుంటే ఫిరంగిలో వెండి నాణేలు కూరి అడవిలోకి పేల్చాడని, వాటి కోసం వాళ్లు పోటీలు పడి నరికేశారని ఒక కథ చెబుతారు. నిజమో కాదో గానీ, ఆ తర్వాత ఇది సుంకాల్లేని రేవు కావడంతో అన్ని దేశాల వ్యాపారులూ నాణేలకే వచ్చారు. టిప్పు సుల్తాన్‌తో యుద్ధం చేసిన కార్న్‌వాలిస్ పేరే ఈ కోటకి పెట్టారు. ఇది మాత్రం ఒక్క యుద్ధమూ చూడలేదు. గోడలు, నాలుగు ఫిరంగులు, ఎండ. అరగంట చాలు.

అక్కడి నుంచి నడిచిన దారి గురించి చెప్పాలి. పాత పేరు పిట్ స్ట్రీట్, ఇప్పటి పేరు జలాన్ మస్జిద్ కపితన్ కెలింగ్. 1818 నాటి సెయింట్ జార్జ్ చర్చి, తెల్లటి స్తంభాలతో. ఇండియా నుంచి తెచ్చిన ఖైదీల చేత కట్టించారు దాన్ని. నాలుగడుగులు వేస్తే చైనీయుల క్వాన్ ఇమ్ అమ్మవారి గుడి. పక్క వీధిలోకి తిరిగితే 1833 నాటి మహామారియమ్మన్ గుడి. ఇంకాస్త ముందుకెళ్తే దక్షిణ భారత ముస్లింలు 1801లో మొదలుపెట్టిన కపితన్ కెలింగ్ మసీదు. నాలుగూ పదిహేను నిమిషాల నడకలో. దీన్ని సామరస్య వీధి అని బ్రోషర్లలో రాస్తారు. నాకైతే ఆ పేరు కాస్త ప్రభుత్వ ప్రకటనలా అనిపించింది. గుళ్లూ మసీదులూ పక్కపక్కనే ఉండటం మనకేం కొత్త కాదు. ఈ ఊళ్లో నాకు కొత్తగా అనిపించినది మధ్యాహ్నం భోజనం దగ్గర కనబడింది.

మసీదులో జుమ్మా నమాజు అయ్యాక ఎటు జనం వెళ్తే అటు వెళ్లాం. నసి కందర్ అంటే అన్నం, కూరలు. ఒకప్పుడు తమిళ ముస్లింలు కావడి భుజాన వేసుకుని, ఒక వైపు అన్నం, ఒక వైపు కూరలు పెట్టుకుని రేవులో కూలీలకి అమ్మేవారు. కాంప్‌బెల్ స్ట్రీట్‌లోని హమీదియా 1907 నుంచి ఉంది. మేం తిన్న చోట కూడా గాజు అర వెనకాల పది పన్నెండు గిన్నెలు: కోడి వేపుడు, చేప తలకాయ, రొయ్యలు, గుడ్లు, బెండకాయ, మటన్, బీఫ్. పళ్లెంలో అన్నం పెట్టి, అడిగింది పైన వేసి, ఆ తర్వాత నాలుగైదు గిన్నెల పులుసులు కలిపి పోస్తారు. ఇక్కడివాళ్లు "బంజిర్" అంటారు, అంటే వరద. అలా అడక్కపోతే తిన్నట్టే కాదట.

శుక్రవారం మా ఇంట్లో పట్టింపు లేదు, శనివారానికే. కాబట్టి అత్తయ్య కూడా కోడి వేపుడికి వరసలో నిలబడ్డారు. వడ్డించే కుర్రాడు గరిటె ఎత్తి ఆవిడ మొహం వైపు, బొట్టు వైపు చూశాడు. పులుసులు పోసేటప్పుడు ఒక గిన్నె దగ్గర ఆగి, గరిటెతో దాని అంచు మీద టకటకా కొట్టి, తల అడ్డంగా ఊపి, దాన్ని వదిలేసి మిగతావి పోశాడు. అది బీఫ్ పులుసు. మేం అడగలేదు, అతను చెప్పలేదు. తర్వాత వచ్చిన చైనా ఆవిడకీ అదే గిన్నె దగ్గర ఆగి, కళ్లతోనే అడిగాడు. ఆవిడా వద్దంది. క్వాన్ ఇమ్‌ని కొలిచే చైనీయులు చాలామంది బీఫ్ తినరని నాకప్పటిదాకా తెలీదు. అతనికి తెలుసు.

"చూశావా అమ్మాయ్, అడక్కుండానే!" అన్నారు అత్తయ్య. ఇక అక్కణ్నుంచి ఆవిడకి ఊరు నచ్చేసింది.

మధ్యాహ్నం కుండపోత. తగ్గాక ఖూ కొంగ్సీ చూశాం. ఒకే ఇంటిపేరున్న చైనీయులు కలిసి కట్టుకున్న కులదైవం గుడి, సంఘం ఆఫీసు అన్నీ అదే. వాళ్లకి ఇదో కోట. బయటి నుంచి కనబడదు, సందులోంచి లోపలికెళ్తే పెద్ద రాతి ముంగిలి, అవతల బంగారు పూత చెక్కడాలతో మెరిసిపోయే కట్టడం. అంతకుముందు కట్టింది చక్రవర్తి కోటలా మరీ గొప్పగా ఉండి దేవతలకి కోపం వచ్చి కాలిపోయిందని, 1906లో తగ్గించి మళ్లీ కట్టారని చెబుతారు. తగ్గిస్తేనే ఇలా ఉంది! ఆ గుడి ముందు కాపలా బొమ్మలు రాతివి, తలపాగా, గడ్డంతో సిక్కులు. బ్రిటిష్ వాళ్ల రోజుల్లో కాపలాకి సిక్కులనే పెట్టుకునేవారు కాబట్టి గుడికీ వాళ్లనే పెట్టేశారు. మా ఆయన ఆ బొమ్మల దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డారు.

రాత్రి కోపిటియమ్. అంటే కాఫీ కొట్టు, దాని నడక తెలిస్తే సుఖం. కొట్టు యజమాని అమ్మేది కాఫీ, టీ, జ్యూసులే. చుట్టూ ఉన్న బండ్లు అద్దెకి తీసుకున్న వేరే వాళ్లవి. మీరు ఏ బల్ల దగ్గరైనా కూర్చుని, నాలుగు బండ్ల దగ్గర నాలుగు రకాలు చెప్పి బల్ల నంబరు చూపిస్తే, తెచ్చిపెట్టి అక్కడికక్కడే ఎవరి డబ్బులు వాళ్లు తీసుకుంటారు. తాగడానికి ఏదీ తీసుకోకుండా కూర్చుంటే యజమానికి గిట్టదు. కొన్నిచోట్ల దానికీ చిల్లర అడుగుతారు.

మేం చూసింది చార్ క్వే తియావ్ చేసే ఆయన్ని. అరవై దాటిన మనిషి, మెడలో తుండు, ముందు మూకుడు, కింద బొగ్గుల నిప్పు. ఒక్కో పళ్లెం విడిగా చేస్తాడు. ఎంత వరస ఉన్నా రెండు పళ్లేలు కలిపి చేయడు. పంది కొవ్వు, వెల్లుల్లి, రొయ్యలు, వెడల్పాటి బియ్యపు నూడుల్స్, సోయా నీళ్లు, మొలకలు. మధ్యలో ఖాళీ చేసి గుడ్డు కొట్టి, చివర్లో ఉల్లికాడలా ఉండే ఆకు, చిన్న ఆల్చిప్పల మాంసం వేసి రెండు తిప్పులు. మూకుడు వంచగానే మంట లోపలికి దూకుతుంది, ఆ పొగ వాసనే అసలు రుచి. మొత్తం రెండు నిమిషాలు పట్టదు. పంది కొవ్వు ఉంది కాబట్టి మలయులు ఇలాంటి బండి దగ్గర తినరు. వాళ్లు చేసుకునే చార్ క్వే తియావ్ వేరే ఉంది, దాంట్లో కొవ్వు ఉండదు. నిజం చెప్పాలంటే ఈ ఊళ్లో అందరూ ఒకే బల్ల దగ్గర తినరు. కోపిటియమ్‌లో తలకు గుడ్డ కట్టుకున్న అమ్మాయిలు కనబడటం అరుదు. మలయులు, చైనీయులు, మనవాళ్లు అందరూ కలిసి కూర్చునేది మమాక్ షాపుల్లో, నసి కందర్ దగ్గర.

శనివారం

ఆ శనివారం పున్నమి కూడా. అత్తయ్య తెల్లారుజామునే లేచి తలంటుకుని, ఫోన్లో వెంకటేశ్వర సుప్రభాతం పెట్టుకున్నారు. "నాకేం టెన్షన్ లేదు, పళ్లు తిని ఉంటాను, మీరు తిరగండి" అన్నారు గానీ ఆవిడ మొహంలో టెన్షనే ఉంది.

లిటిల్ ఇండియాలో ఇడ్లీ దొరుకుతుంది, అరిటాకు భోజనం దొరుకుతుంది, అది సమస్య కాదు. కానీ పెనాంగ్ దాకా వచ్చి మూడు పూటలా సాంబారే తినాలా అన్నది ఆవిడ లోపలి బాధ. ఇక్కడి వంటల్లో కూరగాయలంటే కూరగాయలని నమ్మడానికి లేదు. బెలచాన్ అని రొయ్య పొట్టుని పులియబెట్టి అచ్చులు పోస్తారు, అది తోటకూర వేపుడులోనూ పడుతుంది. నాన్‌వెజ్ లేదు కదా అని అడిగితే లేదంటారు. వాళ్ల లెక్కలో అది మాంసం కాదు, ఉప్పులాంటిది.

పొద్దున క్వాన్ ఇమ్ గుడికి వెళ్లాం. పున్నమి కాబట్టి ఇసకేస్తే రాలనంత జనం. మోచేయంత లావు అగరొత్తులు ముంగిట్లో కాలుతున్నాయి, కళ్లు మండి నీళ్లు కారుతున్నాయి. అత్తయ్య మాత్రం పక్కావిడ ఎలా చేస్తే అలా చేసి, అగరొత్తులు నుదుటికి ఆనించి మూడుసార్లు వంగి దండం పెట్టారు. "అమ్మవారే కదా" అన్నారు.

బయటికి వచ్చాక దగ్గర్లో ఒక చిన్న హోటల్ ముందు జనం కట్టకట్టుకుని ఉన్నారు. పసుపు బోర్డు, అన్నీ చైనా అక్షరాలు, మధ్యలో స్వస్తిక గుర్తు. అత్తయ్య ఆగిపోయారు.

"ఒరేయ్, ఇది మనవాళ్లదిరా!"

"మనవాళ్లది కాదమ్మా, చైనా వాళ్లది. లోపలంతా బాతులే, చూడు" అన్నారు మా ఆయన. నిజంగానే అద్దం వెనకాల ట్రేలో బాతు ముక్కలు, చేప ముక్కలు, చర్మంతో సహా.

అవేవీ బాతులు కావు, చేపలు కావు. స్వస్తిక బౌద్ధుల గుర్తు, ఇక్కడ శాకాహార హోటళ్ల బోర్డుల మీద తరచుగా ఉంటుంది. చాంద్రమాన నెలలో మొదటి రోజు, పదిహేనో రోజు, అంటే మన పాడ్యమి, పున్నమి అనుకోవచ్చు, చాలామంది చైనీయులు నీసు ముట్టరు. ఆ రోజుల్లో ఈ హోటళ్లకి ఊపిరాడదు. బౌద్ధ నియమం ప్రకారం ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. సోయా, గోధుమ బంకతో మాంసం లాంటి వంటకాలు చేస్తారు. లోపలంతా సందడి: ఆఫీసు కుర్రాళ్లు, మనవలతో అమ్మమ్మలు, గుడి నుంచి నేరుగా వచ్చినవాళ్లు.

మనమే పళ్లెం తీసుకుని అన్నం, కావలసినవి వడ్డించుకుని చివర్లో కూర్చున్న ఆవిడకి చూపించాలి. తూకం లేదు, లెక్క లేదు. ఆవిడ పళ్లెం వైపు ఒక్క చూపు చూసి రేటు చెప్పేస్తుంది. అత్తయ్య కాకరకాయ, గుమ్మడికాయ, పుట్టగొడుగులు, టోఫు పెట్టుకుని, చేప ముక్క దగ్గర చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "ఇది చేపే. నాకు తెలీదా? తోలు చూడు."

గల్లా దగ్గరున్నావిడ విషయం కనిపెట్టింది. ఆవిడకి ఇంగ్లీషు అంతంతమాత్రం, అత్తయ్యకి అసలు రాదు. లేచి వచ్చి, ఆ ముక్కని ఫోర్కుతో రెండుగా చీల్చి, పొరలు పొరలుగా ఉన్న సోయా తొక్కలు చూపించింది. పైన నల్లటి తోలు వేలితో ఒలిచి, "సీవీడ్" అంది. సముద్రపు నాచు. ముల్లు లేదని రెండు వేళ్లతో నలిపి మరీ చూపించింది. అత్తయ్య వాసన చూసి, కొంచెం కొరికి, ఒక క్షణం ఆగి, "వాసన కూడా పెట్టారే వీళ్లు" అన్నారు. తిన్నారు. ఇంకో ముక్క పెట్టుకున్నారు. శనివారం పూట చేప తిన్నట్టు ఉందని సాయంత్రం దాకా ఆవిడ మనసులో చిన్న ముల్లు మాత్రం ఉండిపోయింది. ముగ్గురికీ కలిపి ఇరవై చిల్లర రింగిట్లు. రింగిట్‌కి ఇరవై పైచిలుకు రూపాయలు వేసుకోండి.

మధ్యాహ్నం ఆర్మేనియన్ స్ట్రీట్‌లో గోడ బొమ్మలు. లిథువేనియా కళాకారుడు ఎర్నెస్ట్ జకరేవిచ్ 2012లో వేసిన సైకిలు పిల్లల బొమ్మ దగ్గర ఫొటోల కోసం ఎండలో వరస. నిజం సైకిలు గోడకి బిగించి, దాని మీద పిల్లల్ని గీశాడు. బొమ్మ బాగుంది. వరస బాగాలేదు, వచ్చేశాం.

పెనాంగ్ రోడ్డు పక్క సందులో చెందోల్ తిన్నాం. తురిమిన ఐసు, కొబ్బరిపాలు, పందాన్ ఆకు రసంతో చేసిన ఆకుపచ్చ పిండి తీగలు, రాజ్మా గింజలు, పైన గుల మెలక అనే ముదురు బెల్లం పాకం. నిలబడే తినాలి, కూర్చునే చోటు లేదు. ఆ బెల్లం గురించే ఒక పేజీ రాయొచ్చు గానీ తిన్నవాళ్లకి అక్కర్లేదు, తిననివాళ్లకి అర్థం కాదు.

దాని పక్కనే పళ్ల ముక్కల బండి. జామ, పైనాపిల్, పచ్చిమామిడి, దోసకాయ ముక్కలు కోసి, నల్లటి పాకం కలిపి, వేరుశెనగ పొడి చల్లి ఇస్తున్నాడు. రోజక్ అంటారు. పళ్లే కదా అని అత్తయ్య వేలు చూపించారు. వెనకాల నిలబడ్డ మలయ్ అమ్మాయి, కాలేజీ పిల్లలా ఉంది, చటుక్కున, "ఆంటీ, ఉదాంగ్! ప్రాన్!" అని ఆ నల్లటి పాకం వైపు చూపించింది. అది రొయ్యల పేస్టు పాకం. అత్తయ్య నుదుటి బొట్టు, చేతిలో గుడి కుంకుమ పొట్లం చూసి ఉంటుంది. బండతను వెంటనే పాకం లేకుండా ఉత్త పళ్లు, ఉప్పుకారం వేసి ఇచ్చాడు.

ఈ ఊళ్లో ప్రతివాడికీ పక్కవాడు ఏం తింటాడన్నది కంటే ఏం తినడన్నది బాగా తెలుసు. మలయులకి పంది కూడదు, హిందువులకీ క్వాన్ ఇమ్ భక్తులకీ బీఫ్ కూడదు, ఫలానా తిథికి ఇది కూడదు, ఫలానా వారానికి అది కూడదు. వేరే ఊళ్లో ఇన్ని కూడదులుంటే గొడవలవుతాయి. ఇక్కడ దాని చుట్టూ వ్యాపారం అల్లుకున్నారు.

సాయంత్రం లిటిల్ ఇండియా. మార్కెట్ స్ట్రీట్ మొదట్లోనే స్పీకర్లలో తమిళ పాటలు, జల్లెడలో మురుకులు, ఆ వెనక పూల కొట్టు. అత్తయ్య మల్లెపూలు బేరమాడుతూ నాతో, "మూర చాల్లే, వాడిపోతాయి" అన్నారు. పక్కన దండలు కట్టించుకుంటున్న ముసలావిడ గిరుక్కున తిరిగింది. "మీరు తెలుగోల్లా? యే ఊరు?"

విశాఖపట్నమని చెబితే ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి. వాళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడట. పేరక్‌లో బాగన్ డాతో దగ్గర కొబ్బరి ఎస్టేట్‌లో పనిచేశాడట. ఆవిడ అక్కడే పుట్టి, పెళ్లయి ఇటు వచ్చింది. మాటలో మలయ్, తమిళం కలుస్తున్నాయి, కానీ యాస మా ఊరిదే, అదీ మా నాయనమ్మ తరం యాస. ఇప్పుడు మా ఇళ్లలో కూడా వినబడని మాటలు రెండు మూడు దొర్లాయి. ఊళ్లో ఎవరున్నారంటే ఎవరూ తెలీదంది. ఉగాది మాత్రం చేసుకుంటామని, వేపపూత దొరుకుతుందని గట్టిగా చెప్పింది. అత్తయ్య, ఆవిడ పూల కొట్టు ముందు నిలబడి ఉగాది పచ్చడి మీద వాదించుకున్నారు. బెల్లం ఎంత, పులుపు ఎంత అని. ఫోన్ నంబర్లు తీసుకోవాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

ఆదివారం

శనివారం గడిచిపోయింది కాబట్టి అత్తయ్య పొద్దున్నుంచే లక్సా గురించి అడుగుతున్నారు. సిటీ బస్సులో ఎయిర్ ఇతాం వెళ్లాం. ముందు కొండ వాలున కెక్ లోక్ సీ, 1890లలో మొదలైన బౌద్ధ ఆలయం. మెట్ల దారికి రెండు వైపులా టీషర్టుల కొట్లు, తాబేళ్ల కొలను, తర్వాత ఒకదాని మీద ఒకటి మండపాలు. దీని ఏడంతస్తుల పగోడా చూడండి: కింద చైనా, మధ్యలో థాయ్, కొసన బర్మా కట్టుబడి. పునాదిరాయి వేసింది సయాం, అంటే ఇప్పటి థాయ్‌లాండ్, రాజు ఆరో రామ, పూర్తయింది 1930లో. పై మెట్టున 30 మీటర్ల కంచు క్వాన్ ఇమ్ విగ్రహం. అక్కడికి ఏటవాలు లిఫ్టు ఉంది, మోకాళ్ల నొప్పులవాళ్లు భయపడక్కర్లేదు.

దిగి మార్కెట్ దగ్గర ఆసం లక్సా తిన్నాం. ఇది మాత్రం నిదానంగా చెప్పాలి. బతికున్నట్టు మిలమిలలాడే కానగడతల్ని ఉడకబెట్టి, ముళ్లు తీసి, చింతపండు పులుసులో మెదిపేస్తారు. దాంట్లో ఎర్ర మిరప, నిమ్మగడ్డి, ఒక రకం అల్లం మొగ్గ. ఇది మన దగ్గర లేదు, వాసన గులాబీకీ అల్లానికీ మధ్యన ఉంటుంది. గిన్నెలో లావాటి తెల్ల బియ్యపు నూడుల్స్ వేసి, ఆ పులుసు పోసి, వంచేసి, మళ్లీ పోసి, మళ్లీ వంచి వేడెక్కించి, మూడోసారి నిండా పోసి ఇస్తాడు. పైన సన్నగా తరిగిన దోసకాయ, పైనాపిల్, ఉల్లి, పుదీనా. పక్క చెంచాలో నల్లటి రొయ్యల పాకం, అదే నిన్న అత్తయ్య తప్పించుకున్నది. అది కలిపితేనే లక్సా.

అత్తయ్య మొదటి గుక్క తాగి కళ్లు మూసుకున్నారు. "చేపల పులుసేనే! రాత్రి మిగిలి పొద్దున తిన్నట్టుంది."

నాకూ అదే అనిపించింది. నూడుల్స్ తీసేసి అన్నం ఇస్తే బాగుండునని మా ఆయన గొణిగారు. వాళ్లకి వినబడలేదు, నయం. తాగడానికి జాజికాయ రసం తీసుకున్నాం. మన వంటింట్లో గింజ, జాపత్రి మాత్రమే తెలుసు. ఇక్కడ కాయ పైకండతో రసం తీస్తారు, పచ్చళ్లూ పెడతారు. కంపెనీ వాళ్లు 18వ శతాబ్దం చివర్లో ఇక్కడ జాజి మొక్కలు నాటించారు, ఆ అలవాటు అలా మిగిలింది. వగరుగా, చల్లగా, కారం తర్వాత హాయిగా ఉంటుంది.

సాయంత్రం చ్యూ జెట్టీ. సముద్రంలో కర్రలు పాతి వాటి మీద కట్టిన ఇళ్ల వరస, ఒక్కో వరస ఒక్కో ఇంటిపేరు వాళ్లది. పలకల మీద నడుస్తుంటే సందుల్లోంచి నీళ్లు కనబడతాయి. సగం ఇళ్లు ఇప్పుడు బొమ్మల కొట్లు. మిగతా సగం గుమ్మాల ముందు ఫొటోలు తీయొద్దని బోర్డులు. జనం కాపురాలుంటున్న చోటు అది, మేం త్వరగానే వెనక్కి వచ్చేశాం.

సోమవారం

ఆదివారం జనం ఎక్కువని పెనాంగ్ కొండ సోమవారానికి ఉంచుకున్నాం. తాడు లాగే రైలు 1923లో మొదలైంది. మొదట్లో మధ్యలో దిగి బండి మారాల్సి వచ్చేది, 2011 నుంచి నేరుగా పైకే. ముందు వరసలో నిలబడితే వాలు చూసి గుండె జారుతుంది. పైన చల్లగాలి, కింద ఊరు, వంతెనలు, అవతలి ఒడ్డు. పైన కూడా ఒక మురుగన్ గుడి, ఒక మసీదు! మురుగన్ గుడిలో అర్చకుడు అత్తయ్యకి విభూతి ఇచ్చి, మురుగన్ పండగ తైపూసానికి రమ్మన్నాడు. దానికి ముందు రోజు వెండి రథం వచ్చే దారిలో కొబ్బరికాయలు గుట్టలు పోసి కొడతారు, కొట్టేవాళ్లలో చైనీయులు చాలామంది ఉంటారు.

మధ్యాహ్నం బర్మా లేన్‌లో ఎదురెదురుగా ఉన్న థాయ్, బర్మా గుళ్లు రెండూ చకచకా చూసి, ఈ ఊళ్లో పేరుమోసిన తంబున్ బిస్కట్లు కొన్నాం. పెసరపప్పు ముద్ద, వేయించిన ఉల్లి లోపల పెట్టి చేసిన చిన్న గుండ్రటి పొరల బిస్కట్లు. పాతకాలం పద్ధతిలో పంది కొవ్వుతో చేస్తారు, ఇప్పుడు నూనెతో చేసేవీ ఉన్నాయి. ఏది ఏదో అడిగి కొనండి, డబ్బా మీదా రాసి ఉంటుంది.

ఎయిర్‌పోర్టుకి వెళ్లే దారి బయాన్ లెపాస్ మీదుగా. ఇంటెల్ 1972లో వచ్చినప్పటి నుంచి అక్కడ చిప్పుల ఫ్యాక్టరీలు వరసగా వెలిశాయి. షిఫ్టు మారే వేళ కావడంతో ట్రాఫిక్ ఒక్క అంగుళం కదల్లేదు. డ్రైవర్ నడివయసు చైనీయుడు, అద్దంలో మమ్మల్ని చూస్తూ ఏమేం తిన్నారని అడిగాడు. మా ఆయన ఉత్సాహంగా ఒక్కొక్కటే చెప్పుకొచ్చారు. చార్ క్వే తియావ్ తిన్న వీధి పేరు వినగానే డ్రైవర్ నొసలు చిట్లించాడు. "అక్కడా? అది టూరిస్టులకి." లక్సా సంగతి చెబితే, "బాగానే ఉంటుంది, కానీ మా అత్తగారి ఊళ్లో..." అని మొదలుపెట్టాడు. పెనాంగ్‌లో పుట్టిన ఎవర్ని అడిగినా ఇంతే, వాళ్ల బండి తప్ప మిగతావన్నీ టూరిస్టులకే.

మా ఆయన ఫోన్ తీసి అతను చెప్పిన బండ్ల పేర్లన్నీ రాసుకున్నారు. వాటిలో ఒకటి ఎయిర్‌పోర్టుకి పది నిమిషాల దూరమేనట, విమానానికి ఇంకా టైముంది కూడా. "మీరు దిగినా నేను దిగను" అన్నారు అత్తయ్య, బిస్కట్ల డబ్బాలు ఒళ్లో సర్దుకుంటూ. డ్రైవర్‌కి తెలుగు రాదు గానీ, ఆ మాట అర్థమై ఎయిర్‌పోర్టు లేన్‌లోకి తిప్పేశాడు.